ట్రీట్‌మెంట్ అయిపోయింది, స్కాన్ క్లీన్ అన్నారు. మరి నేనెందుకు ఇంకా మామూలు కాలేదు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 27. సొంతూరు సింగరాయకొండ దగ్గర, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్), రెండో స్టేజ్. చెన్నైలో ఏబీవీడీ (నాలుగు మందులు కలిపి ఇచ్చే) కీమో ఆరు సైకిళ్లు, ఆపైన మెడకూ ఛాతీకీ రేడియేషన్. అన్నీ ముగిసి ఐదు నెలలైంది, పెట్ స్కాన్ క్లీన్‌గా ఉంది. కానీ మెట్లెక్కితే గుండె దడ, రోజంతా నీరసం, మతిమరుపు, మళ్లీ గడ్డ వచ్చిందేమోనని రాత్రి మెడ తడుముకుంటూ నిద్ర లేకపోవడం. ఆఫీసు వాళ్లు వచ్చే నెల చేరమంటున్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తూ, జబ్బు సంగతి ఎక్కడా ఎత్తవద్దంటున్నారు. "ఇదంతా మామూలేనా? మళ్లీ పూర్వంలా ఎప్పుడవుతాను?"

వయసులో నా తమ్ముడికన్నా చిన్నవాడివి కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

సూటిగా చెబుతాను. నీరసం, భయం, మతిమరుపు ఈ దశలో చాలామందికి ఉండేవే. గుండె దడను మాత్రం పరీక్ష చేయించకుండా మామూలు అనుకోవద్దు. పూర్వంలా ఎప్పుడు అంటే, కీమో ముగిశాక కనీసం ఏడాది కోలుకునే కాలం అనుకో. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఉద్యోగం, పెళ్లి రెండూ చేసుకోవచ్చు. వచ్చే నెలలోనే పూర్తి డ్యూటీకి వెళ్లాల్సిన పని లేదు, పెళ్లి విషయంలో దాచాల్సిన పనీ లేదు.

నేను డాక్టర్ని కాదు. ఇరవై ఏళ్లకు పైగా కీమో వార్డుల్లో నర్సుగా చేసి, ఇప్పుడు నెల్లూరులో ట్రీట్‌మెంట్ ముగిసినవాళ్ల ఫాలో-అప్ చూస్తున్నాను. నీ వయసువాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. కీమో నడుస్తున్నప్పుడు ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఏ రక్తపరీక్ష ఎప్పుడో వేరేవాళ్లు రాసిస్తారు. చివరి రేడియేషన్ అయ్యాక "మూడు నెలలకు రండి" అని పంపించేస్తారు. ఆ మూడు నెలలు ఎలా గడపాలో ఎవరూ రాసివ్వరు. ఇంటికి వస్తే చుట్టాలేమో "తగ్గిపోయిందిగా, ఇంకా ఏందబ్బయ్యా పడుకోనుండావు" అంటారు. అరవై ఏళ్ల పెద్దాయన పడుకుంటే విశ్రాంతి అంటారు, ఇరవై ఏడేళ్లవాడు పడుకుంటే బద్ధకం అంటారు.

ముందు గుండె సంగతి. ఏబీవీడీలో 'ఏ' అంటే ఏడ్రియామైసిన్, అదే డాక్సోరుబిసిన్. ఎర్రగా ఉండే మందు, గుర్తుండే ఉంటుంది. ఆరు సైకిళ్లూ పూర్తి డోసులో ఎక్కితే మొత్తం చదరపు మీటరుకు 300 మిల్లీగ్రాములు అవుతుంది. 250 దాటినవాళ్లనూ, ఈ మందుతో పాటు ఛాతీకి రేడియేషన్ కూడా పడినవాళ్లనూ గుండె విషయంలో ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. నీకు రెండూ ఉన్నాయి. అలాగని గుండె దెబ్బతిందని కంగారుపడకు. దడకు రక్తహీనత, థైరాయిడ్, పడకలో ఉండి కండ తగ్గిపోవడం, టెన్షన్, ఇలా చాలా కారణాలుంటాయి. కానీ వరస ముఖ్యం. ముందు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడాలి, అవి బాగుంటేనే 'టెన్షన్' అనే మాట వాడాలి. కుర్రవాళ్ల విషయంలో ఇది తలకిందులవుతుంది. చూడ్డానికి బాగానే ఉన్నాడు కదా అని యాంగ్జైటీ మాత్ర రాసి పంపేస్తారు. ఈ నాలుగు పరీక్షలూ ఒంగోలులోనో నెల్లూరులోనో అయిపోతాయి, చెన్నై దాకా వెళ్లక్కర్లేదు. రిపోర్టులు మాత్రం నీ ఆంకాలజిస్టుకు పంపు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం, కాళ్ల వాపు, కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లు.

ఇప్పుడు ఊపిరితిత్తులు. 'బీ' అంటే బ్లియోమైసిన్, అది ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చు. ఛాతీ రేడియేషన్ వల్ల వచ్చే వాపు కూడా సాధారణంగా మొదటి ఆరు నెలల్లోనే బయటపడుతుంది, నువ్వు ఇంకా ఆ గడువులోనే ఉన్నావు. పొడిదగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుతో ఆ మాట విడిగా చెప్పు. సిగరెట్ ఉంటే ఇక మానేయాల్సిందే, ఇందులో బేరాల్లేవు. ఇంకో విషయం చాలామందికి తెలియదు: ఇకపై ఏ ఆపరేషన్ అయినా, చివరికి అపెండిసైటిస్ అయినా, మత్తు డాక్టరుకు "నాకు బ్లియోమైసిన్ ఎక్కించారు" అని ముందే చెప్పాలి. ఆక్సిజన్ ఎంత ఇవ్వాలన్నది దాన్ని బట్టి చూసుకుంటారు.

చీమకుర్తి నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు, గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మెషీన్ మీద పని. అతనికీ ఇదే జబ్బు, ఇవే మందులు. ట్రీట్‌మెంట్ అయ్యాక మళ్లీ అదే మెషీన్ దగ్గరకు వెళతానన్నాడు, వేరే పని తెలియదు మరి. ఆ రాతిపొడి ఆరోగ్యంగా ఉన్నవాడి ఊపిరితిత్తులకే చేటు. వాళ్ల యజమానికి డాక్టరుగారు ఒక ఉత్తరం రాసిచ్చారు, "దుమ్ములో పని చేయకూడదు" అని ఒకే ఒక్క వాక్యం. అతన్ని లోడింగ్ లెక్కలు రాసే పనిలోకి మార్చారు. జీతం కాస్త తగ్గింది, పని మిగిలింది. ఉద్యోగం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఉత్తరం సంగతి మళ్లీ ఎత్తుతాను.

నీరసానికి వస్తే, ఇది ఒకరోజు కష్టపడితే వచ్చే అలసటలాంటిది కాదు, పడుకున్నా తీరదు. నీకు మెడకు రేడియేషన్ పడింది కాబట్టి థైరాయిడ్ మందగించే అవకాశం ఉంది. అది నెలల తర్వాతా రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. అందుకే టీఎస్‌హెచ్ ఒకసారి చేయించి వదిలేయకుండా ఏటా చూపించుకోవాలి. మాత్రతో సరిపోయే సమస్యను నీరసం అనుకుంటూ రెండేళ్లు మోసినవాళ్లు నాకు తెలుసు.

రక్తం, థైరాయిడ్, గుండె బాగున్నాయని తేలితే, ఇక మిగిలిన నీరసానికి మేం చూసినవాటిలో బాగా పనిచేసే మందు నడకే. చెప్పగానే అందరికీ చిరాకు వస్తుంది, ఒంట్లో ఓపికే లేదంటే నడవమంటారేంటని. మొదట పది నిమిషాలు చాలు. వారం తర్వాత ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపు. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున, మాట్లాడగలిగేంత వేగంతో నడవడం దాకా మెల్లగా వస్తే నీరసం తగ్గడం తెలుస్తుంది. వారంలో రెండు రోజులు లేచి కూర్చునే వ్యాయామాలో తేలికపాటి బరువులో చేర్చు, కండ తిరిగి రావాలి. మన వైపు ఎండల్లో ఉదయం ఏడు దాటాక బయట నడవొద్దు. చాలామంది చేసే పొరపాటేమిటంటే, ఓపికగా ఉన్న రోజు ఆరు కిలోమీటర్లు నడిచేసి తర్వాత మూడు రోజులు మంచం దిగకపోవడం. ఓపిక ఉన్నా లేకపోయినా దాదాపు ఒకే కొలతగా సాగాలి.

మతిమరుపు, మాట తట్టకపోవడం గురించి నువ్వు ఒక్క ముక్కలో రాశావు. అది కూడా కీమో తర్వాత ఉండేదే, ఎక్కువమందిలో ఏడాది లోపు మెరుగవుతుంది. టెస్టింగ్ పని అంటే వివరాలన్నీ గుర్తుండాలి కాబట్టి కాగితం మీద రాసుకునే అలవాటు చేసుకో. రాత్రి నిద్ర సరిపడితే సగం తేడా అక్కడే కనిపిస్తుంది.

ఇక మెడ తడుముకోవడం. రోజుకు పదిసార్లు నొక్కితే అక్కడే నొప్పి పుడుతుంది, ఆ నొప్పి చూసి మళ్లీ భయం. నేను మా దగ్గరకు వచ్చేవాళ్లకు ఒక ఒప్పందం పెడతాను: నెలకు ఒక్క తేదీ, ఆ రోజు స్నానం చేసేటప్పుడు మెడ, చంకలు, గజ్జలు చూసుకోవడం, అంతే. మిగతా రోజుల్లో చెయ్యి అటు వెళితే వేరే పని పెట్టుకోవడం. డాక్టరుకు ఫోన్ చేయాల్సినవి కొన్నే: రెండు వారాలు దాటినా తగ్గని కొత్త గడ్డ, కారణం తెలియకుండా 38 డిగ్రీల సెల్సియస్ దాటి వస్తూ పోతూ ఉండే జ్వరం, దుప్పటి తడిసేంత రాత్రి చెమటలు, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గిపోవడం, ఒళ్లంతా తగ్గని దురద. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. అందుకే మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదో ఏడు వరకు ఇంకాస్త దూరం దూరంగా చెకప్‌లు ఉంటాయి.

"అయితే ప్రతి మూడు నెలలకూ పెట్ స్కాన్ తీయించుకుంటాను, ధైర్యంగా ఉంటుంది" అని చాలామంది అడుగుతారు. లక్షణాలు లేకుండా మాటిమాటికీ పెట్ తీయవద్దనే వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మామూలు ఇన్ఫెక్షన్ కూడా అందులో వెలుగుతుంది. దాన్ని చూసి మళ్లీ బయాప్సీ, మళ్లీ నిద్రలేని వారాలు. డాక్టరు వద్దన్నారంటే నిర్లక్ష్యం అనుకోకు.

భయం చెకప్ ముందు వారం పెరిగి, తర్వాత తగ్గితే అది అందరికీ ఉండేదే. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతికి ఏం లాభం అన్న ఆలోచనలు ఉంటే అది వేరే, దానికి వైద్యం ఉంది. టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. సైకియాట్రిస్టు దగ్గరకు వెళితే ఊళ్లో ఏమనుకుంటారో అన్నవాళ్లు కూడా ఫోన్ చేయగలుగుతారు.

ఉద్యోగం. వచ్చే నెల చేరు, కానీ సగం పూట లేదా ఇంటి నుంచి పని అని అడుగు. "నీరసంగా ఉంది సార్" అంటే మేనేజరుకు ఏం చేయాలో తెలియదు. "మొదటి రెండు నెలలు రోజుకు నాలుగు గంటలు, నైట్ షిఫ్ట్ వద్దు, చెకప్‌లకు సెలవు" అని డాక్టరు ఉత్తరం ఉంటే హెచ్‌ఆర్ దాన్ని ఫైల్లో పెట్టుకోగలరు. టీంలో అందరికీ జబ్బు పేరు చెప్పాలా అంటే నీ ఇష్టం, మేనేజరుకూ హెచ్‌ఆర్‌కూ తెలిస్తే చాలు. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే మాత్రం కొత్త కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు మొదటి రోజు నుంచే కవర్ అవుతాయో లేదో అడిగి తెలుసుకో. చాలా కంపెనీల్లో అవుతాయి, అన్నింట్లో కాదు. సొంతంగా పాలసీ తీసుకుంటే ఫారంలో క్యాన్సర్ సంగతి రాయాల్సిందే. 2024లో మారిన నిబంధనల ప్రకారం పాత జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం) గరిష్ఠంగా మూడేళ్లు. ఏజెంటు "అది రాయొద్దు సార్, పాలసీ రాదు" అంటే ఆ ఏజెంటునే మార్చు. రేపు క్లెయిమ్ కొట్టేస్తే ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడేది నువ్వు, అతను కాదు.

ఇప్పుడు పెళ్లి. అన్నిటికన్నా ఎక్కువమంది నన్ను పక్కకు పిలిచి అడిగేది ఇదే. అమ్మానాన్నలది దురుద్దేశం కాదు. "పెద్ద జబ్బు" అన్న మాట ఒక్కసారి బయటికి వెళితే చెల్లెలికి కూడా సంబంధాలు రావేమోనని భయం. ఆ భయం నిజమైనదే, నేను కొట్టిపారేయను. కానీ దాచడం వల్ల జరిగేది కూడా చూశాను. కావలి వైపు ఒక అమ్మాయికి అండాశయంలో కణితి వచ్చి పూర్తిగా తగ్గింది. చెప్పకుండా పెళ్లి చేశారు. చెకప్‌కు వెళ్లాలంటే పుట్టింటికి వెళుతున్నానని అబద్ధం, ట్యాబ్లెట్ కొనాలంటే అబద్ధం. చివరికి బీరువాలో ఫైలు అత్తగారి చేతికి చిక్కింది. "జబ్బుకు కాదు, మమ్మల్ని మోసం చేసినందుకు" అని ఆ ఇంటివాళ్లు అన్నమాట. ఆ మాట ఎంతవరకు నిజమో నాకు అనుమానమే, తెలిస్తే అసలు చేసుకునేవాళ్లు కారేమో. కానీ అమ్మాయి పుట్టింటికి వచ్చేసింది, అంతకన్నా దారుణం ఏమిటంటే ఆ గొడవల్లో రెండు చెకప్‌లు మానేసింది.

చట్టం కోణం కూడా తెలుసుకో. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో, ముఖ్యమైన విషయం దాచి మోసంతో అంగీకారం తీసుకున్నారని తేలితే పెళ్లి రద్దు కోరవచ్చని ఉంది. మోసం తెలిసిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. ప్రతి కేసులోనూ రద్దవుతుందని కాదు, ఆ గొడవకు అవకాశం ఎందుకివ్వాలి అని.

నా సలహా: మొదటి ఫోన్‌లోనే ఊరంతా చాటక్కర్లేదు, నిశ్చితార్థం దాకా ఆగనూ వద్దు. ఇద్దరికీ నచ్చింది, ముందుకు వెళదాం అనుకున్న దగ్గర, మధ్యవర్తి ద్వారా కాకుండా నువ్వే అమ్మాయితో చెప్పు. జబ్బు పేరు, ఏ సంవత్సరం, ఏ వైద్యం, ఇప్పుడు ఎలా ఉంది, చెకప్‌లు ఎన్నాళ్లు. ఐదు నిమిషాల మాట. పొదిలి నుంచి వచ్చే ఒక అబ్బాయి ఇలాగే చెప్పాడు. రెండు సంబంధాలు పోయాయి. మూడో సంబంధంలో అమ్మాయి మేనమామ ఫైలు జిరాక్సు పట్టుకుని మా ఓపీకే వచ్చాడు. అబ్బాయి ఒప్పుకున్నాకే డాక్టరుగారు ఆయనతో మాట్లాడారు. ఆయన అడిగినవి మూడే ప్రశ్నలు: అంటుకుంటుందా, పిల్లలకు వస్తుందా, పిల్లలు పుడతారా. పెళ్లయింది.

ఆ మూడింటికీ జవాబు నీకూ పనికొస్తుంది. అంటుకోదు. దగ్గరి రక్తసంబంధీకులకు ముప్పు కొంచెం ఎక్కువే అయినా, జబ్బే అరుదు కాబట్టి పిల్లలకు వచ్చే అవకాశం చాలా తక్కువ. మూడోదానికి: ఏబీవీడీ తర్వాత శాశ్వతంగా సంతానం లేకపోవడం తక్కువమందిలోనే జరుగుతుంది. కీమోలో వీర్యకణాలు పడిపోయినా చాలామందికి ఏడాది, రెండేళ్లలో తిరిగి వస్తాయి. ఏడాది దాటాక ఒకసారి సెమెన్ అనాలిసిస్ చేయించు, ఊహించుకోవడం కన్నా అంకె తెలియడం మేలు. పిల్లల కోసం ఎప్పుడు ప్రయత్నించవచ్చో నీ డాక్టరును అడుగు, మామూలుగా ఒకటి రెండేళ్లు ఆగమంటారు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా కీమో ఇంకా మొదలు కాకపోతే, మొదటి సెలైన్ ఎక్కకముందే వీర్యం భద్రపరచడం గురించి అడగండి, ఒకటి రెండు రోజుల పని. ఆడపిల్లల అండాలకైతే సుమారు రెండు వారాలు పడుతుంది. సిగ్గుపడి ఎవరూ అడగరు, రద్దీలో డాక్టర్లూ చెప్పరు. అలాగే 30 ఏళ్లలోపు ఛాతీకి రేడియేషన్ పడిన అమ్మాయిలు, 25 ఏళ్ల వయసు లేదా రేడియేషన్ తర్వాత 8 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి ఏటా రొమ్ము పరీక్షలు చేయించుకోవాలి.

ఇంట్లోవాళ్లతో మాత్రం ఒక మాట గట్టిగా అను: ఈ ఏడాది పెళ్లి తొందర వద్దు. ఐదేళ్లు ఆగమని నేననను, కానీ చెకప్‌లూ ఉద్యోగమూ ఒక దారిన పడనీ.

కాగితాలు. నీ ఆసుపత్రి నుంచి ట్రీట్‌మెంట్ సమ్మరీ ఒకటి అడిగి తీసుకో. డిశ్చార్జి షీట్ల కట్ట దాని పని చేయదు. ఒకే పేజీలో జబ్బు పేరు, స్టేజ్, ప్రతి మందు మొత్తం డోసు, రేడియేషన్ ఎక్కడ ఎంత, ఆఖరి తేదీ ఉండాలి. పదేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఏ గుండె డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు కావలసింది అదే. ఫోన్‌లో ఫోటో, మెయిల్‌లో కాపీ పెట్టు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు ఫైళ్లు నానిపోయి మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చేపల పులుసు తిను, పప్పు తిను, గుడ్డు తిను. పథ్యం అని మజ్జిగన్నంతో కూర్చోబెడితే కండ రాదు. లక్ష్మణఫలం కషాయాలు, పేరులేని నాటు పొడులు వద్దు, లివర్ రిపోర్టు తేడా వచ్చి వచ్చిన కేసులున్నాయి. ఫ్లూ టీకా వేయించుకోవచ్చేమో ఈసారి చెకప్‌లో అడుగు.

చెకప్‌లకు చెన్నై వెళ్లే రైలు ఖర్చు కూడా తగ్గించుకోవచ్చు. క్యాన్సర్ పేషెంట్లకు రైల్వే రాయితీ వైద్యానికే కాక చెకప్ ప్రయాణాలకూ వర్తిస్తుంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో పేషెంటుకు పూర్తి రాయితీ, తోడు వచ్చేవారికి 75 శాతం. ఆసుపత్రి నుంచి రైల్వే నమూనాలో సర్టిఫికెట్ కావాలి, దాంతో రిజర్వేషన్ కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి. ట్రీట్‌మెంట్ అయిపోయింది కదా అని అడగడం మానేస్తారు చాలామంది.

ఈ వారంలో చేయాల్సినవి ఎకో, ఈసీజీ, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్. ఎకో రిపోర్టులో ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతోందో చెప్పే అంకె) ఎంత ఉందో చూసి, కీమోకు ముందు తీసిన ఎకో ఉంటే రెండు అంకెలూ ఇక్కడ రాయి. పాతది దొరక్కపోతే ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో నీ నంబరు చెప్పి అడుగు. రిపోర్టు చదివి మందు రాయాల్సింది నీ డాక్టరే, కానీ ఆయన్ని ఏం అడగాలో నేను చెప్పగలను.